కుంగుబాటుకు పుట్టగొడుగుల కూర మందవుతుందా?

ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్న బంధువులు ఎక్కువగా అడిగేది పథ్యం గురించే. ఏం పెట్టవచ్చు, ఏం మాన్పించాలి అని. మానసిక కుంగుబాటు, అంటే డిప్రెషన్ అని డాక్టర్లు చెప్పే జబ్బు విషయంలోనూ అంతే. ఈ మధ్య "పుట్టగొడుగులు తింటే దిగులు పోతుందట, నిజమేనా?" అన్న ప్రశ్న కూడా తరచుగా వస్తోంది. ముందుగానే జవాబు చెప్పుకుందాం. కూరగా వండి పెట్టండి, మంచిదే. దానిని నమ్ముకుని డాక్టరుగారు రాసిన మాత్రలు మాత్రం ఆపకండి.

దిగులు అందరికీ ఉంటుంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్నవారి దుఃఖం ఎలాంటిదో దివిసీమ వారికి వేరే చెప్పనక్కరలేదు. కాని దుఃఖం వేరు, కుంగుబాటు వేరు. దుఃఖంలో ఉన్న మనిషి నెలలు గడిచేకొద్దీ మెల్లగా పనిలో పడతాడు, మనవడు వస్తే నవ్వుతాడు. కుంగుబాటులో అలా జరగదు. రెండు వారాలకు మించి రోజంతా మనసు బరువుగా ఉండటం, ఇష్టమైన పని మీద కూడా ఆసక్తి పోవడం, తెల్లవారుజామునే మెలకువ రావడం, అన్నం సహించకపోవడం, "నేను ఎవరికీ పనికిరాను" అనడం దాని గుర్తులు. ఇది సోమరితనం కాదు, గాలి సోకడమూ కాదు. చికిత్సకు లొంగే జబ్బు.

ఇక పుట్టగొడుగుల సంగతి. అమెరికాలో 2005 నుండి 2016 వరకు జరిగిన ఆరోగ్య సర్వేలలో 24 వేలమందికి పైగా పెద్దవారి ఆహారపు వివరాలను పరిశీలించి 2021లో ఒక నివేదిక ప్రచురించారు. పుట్టగొడుగులు తినేవారిలో కుంగుబాటు కొంత తక్కువగా కనిపించింది. అయితే ఎక్కువ తిన్నవారికి ఎక్కువ మేలు జరిగినట్లు మాత్రం కనబడలేదు. పైగా రకరకాల కూరలు కొని వండుకోగలిగిన ఇంట్లో మిగతా పరిస్థితులు కూడా బాగుండవచ్చు కదా! కాబట్టి ఆ మేలు పుట్టగొడుగుల వల్లనే అని తేల్చి చెప్పలేం. జపానులో 2010లో సింహపు జూలులా ఉండే లయన్స్ మేన్ అనే రకాన్ని బిస్కట్లలో కలిపి 30 మంది స్త్రీలతో 4 వారాలు పరీక్ష జరిపారు. చిరాకు, ఆందోళన కొంత తగ్గాయన్నారు. ముప్పై మంది, నాలుగు వారాలు! ఒక మందును నమ్మడానికి ఇది చాలదు.

పుట్టగొడుగులలో ఎర్గోథియోనిన్ అనే పదార్థం ఉంటుంది. మన శరీరం దీనిని తయారుచేసుకోలేదు, ఆహారం నుండే రావాలి. కణాలు దెబ్బతినకుండా ఇది కాపాడుతుందని శాస్త్రజ్ఞుల ఆలోచన. కొన్ని బి విటమిన్లు కూడా ఉంటాయి. కాని బి12 మాత్రం లేదనే చెప్పాలి. ఈ విటమిన్ లోపిస్తే కూడా నీరసం, మతిమరుపు, దిగులు వస్తాయి. కాబట్టి మాంసాహారం ముట్టని పెద్దవారికి రక్తపరీక్ష చేయించి చూడటం మంచిది.

గానోడెర్మా పేరుతో గొలుసుకట్టు వ్యాపారాల్లో అమ్మే గుళికలు, కాఫీ పొడుల విషయంలో జాగ్రత్త. కొబ్బరితోటలున్న వారికి ఈ పేరు కొత్త కాదు. చెట్టు మొదలు కుళ్ళబెట్టే గానోడెర్మా తెగులుకు కారణం ఆ జాతి శిలీంధ్రమే. చెట్టును చంపేది మనిషిని చంపుతుందని కాదు గాని, అన్ని జబ్బులకూ ఒకటే మందు అని చెప్పేవారిని నమ్మకూడదు. రక్తం పల్చబడే మందులు వాడేవారికి ఈ గుళికల వల్ల ఇబ్బంది కలగవచ్చు. ఇంట్లో అలాంటి డబ్బా ఉంటే దాచకుండా డాక్టరుగారికి చూపించండి.

విదేశాల్లో ఒక రకం పుట్టగొడుగుల మందుతో డిప్రెషన్ నయం చేస్తున్నారన్న వార్తలు మీరు చదివే ఉంటారు. అది సైలోసిబిన్ అనే మత్తు పదార్థం. వైద్యుల పర్యవేక్షణలో, కొలిచిన మోతాదులో ప్రయోగాలు జరుగుతున్నాయి. అది కూర కాదు. మన దేశంలో మత్తుపదార్థాల చట్టం కింద నిషిద్ధం కూడా.

తొలకరి వానలకు గట్లమీద, గడ్డివాముల పక్కన మొలిచేవాటిని కోసుకొచ్చి వండకండి. తినేవీ విషపువీ పక్కపక్కనే మొలుస్తాయి. వెండి ఉంగరం వేసి చూడటం, వెల్లుల్లితో ఉడికించడం వంటి పరీక్షలు నమ్మదగినవి కావు. ప్రాణాంతకమైన రకాల విషం ఉడికించినా పోదు. తిన్న 6 నుండి 12 గంటలు లేదా ఇంకా ఆలస్యంగా వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. తర్వాత తగ్గినట్లే అనిపించి లోపల లివరు దెబ్బతింటుంది. అనుమానం వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి, మిగిలిన కూర కూడా తెండి.

బందరు, గుడివాడ బజార్లలో దొరికే పొట్లాల పుట్టగొడుగులు చాలు. తెల్లగా, గట్టిగా, జిగట లేకుండా ఉన్నవి కొనండి. వండే ముందు ముక్కలు చేసి మధ్యాహ్నపు ఎండలో అరగంట ఉంచితే వాటిలో డి విటమిన్ పెరుగుతుంది. పచ్చివి పెట్టకుండా బాగా ఉడికించాలి. ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లితో ఇగురు చేసినా, కోడిగుడ్డుతో కలిపి వేపినా బాగుంటుంది. వారానికి రెండు మూడుసార్లు పెడితే చాలు. కుంగుబాటులో ఉన్నవారు పళ్ళెం నిండా వడ్డిస్తే చూడగానే లేచిపోతారు. నాలుగు ముద్దలే పెట్టి, పక్కన కూర్చుని మీరూ తినండి. "తింటావా లేదా" అని గద్దించవద్దు.

అసలు తినడంకన్నా పెంచడమే ఎక్కువ మేలు చేయవచ్చని మా అభిప్రాయం. డెల్టాలో వరిగడ్డికి కొదవ లేదు. ముత్యపు చిప్ప పుట్టగొడుగులకు నవంబరు నుండి ఫిబ్రవరి వరకు మన వాతావరణం అనుకూలం. రెండంగుళాల ముక్కలుగా కోసిన గడ్డిని నానబెట్టి, వేడినీటిలో ఉడికించి, పిండితే నీరు కారనంతగా ఆరబెట్టి, సంచిలో పొరలు పొరలుగా విత్తనంతో నింపి నీడగదిలో వేలాడదీస్తారు. సుమారు మూడు వారాలకు గడ్డి తెల్లబడుతుంది. ఆ తర్వాత రోజూ నీళ్ళు చిలకరించాలి. ఏ పనీ చేయబుద్ధి కాని మనిషికి ఉదయం లేవగానే ఒక చిన్న పని ఉండటం, దాని ఫలితం కళ్ళ ముందే మొలకెత్తడం చికిత్సకు తోడ్పడతాయి. ఇలా చిన్న చిన్న పనులతో మనసును కదిలించడం వైద్యులు వాడే పద్ధతే. ఘంటసాలలోని కృషి విజ్ఞాన కేంద్రంలో వివరాలు అడగవచ్చు. ఆస్తమా ఉన్నవారు మాత్రం సంచుల గదిలోకి వెళ్ళకపోవడం మంచిది.

కుంగుబాటుకు ఇచ్చే మాత్రలు పనిచేయడానికి రెండు నుండి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి వారంలోనే "ఏమీ తగ్గలేదు" అని ఆపేసినా, కాస్త తేలికపడగానే "ఇక బాగుంది కదా" అని మానేసినా జబ్బు తిరగబెట్టవచ్చు. బాగుపడిన తర్వాత కూడా ఆరు నెలలు లేదా అంతకు మించి వాడవలసి ఉంటుంది. ఆపడమైనా డాక్టరుగారు చెప్పినట్లు మెల్లగా ఆపాలి.

రోగి "బ్రతకాలని లేదు" అన్నా, ఉన్నట్లుండి వస్తువులు పంచిపెట్టినా, అప్పగింతలు చెప్పినా తేలికగా తీసుకోకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఈ రోజే బయటకు పంపండి, లేదా తాళం వేసి తాళంచెవి మీ దగ్గర ఉంచుకోండి. రోగిని ఒంటరిగా వదలవద్దు. టెలి మానస్ నెంబరు 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.