జొల్లు కారితే చర్మం ఎందుకు కందుతుంది?

మీ ఇంట్లోనో, పొరుగింట్లోనో నాలుగైదు నెలల చంటిపాప ఉందా? ఈసారి ఎత్తుకున్నప్పుడు పాప గడ్డాన్ని, నోటి చుట్టూ ఉన్న చర్మాన్ని పరీక్షగా చూడండి. ఎర్రగా కంది, చిన్న చిన్న పొక్కులు కనిపించవచ్చు. "పళ్లు వస్తున్నాయిలే" అంటారు పెద్దలు. కాని చాలామంది పిల్లలకు మొదటి పన్ను ఆరో నెల ప్రాంతంలో వస్తుంది; జొల్లు మూడో నెల నుంచే కారవచ్చు. మరి కారణం ఏమిటి?

మన నోటిలో మూడు జతల పెద్ద లాలాజల గ్రంథులున్నాయి. వాటిలో ఊరే లాలాజలాన్ని మనకు తెలియకుండానే మింగేస్తూ ఉంటాం. పసిబిడ్డకు ఇలా ఎప్పటికప్పుడు మింగటం ఇంకా అలవడదు. ముందుపళ్ల అడ్డు కూడా లేదు. అందుచేత అది గడ్డం మీదికి జారుతుంది.

లాలాజలంలో నూటికి 99 పాళ్లు నీరే. నీటివల్ల చర్మానికి హాని ఏమిటి అంటారా? చర్మం పైపొర ఇటుకగోడ వంటిది. మృతకణాలు ఇటుకలు, వాటి మధ్యనున్న కొవ్వు పదార్థాలు సున్నం. బిడ్డలో ఈ గోడ మనకంటె పలచన. అది తడిసి ఉబ్బుతూ, ఆరి ముడుచుకుంటూ ఉంటే క్రమంగా బీటలు వారుతుంది. చలికాలంలో పెదవులను నాలుకతో తడిపేకొద్దీ ఇంకా పగలటం మీకు తెలిసిందే కదా! పైగా లాలాజలంలోని ఎంజైములు, అంటుకున్న పాలు మంటను పెంచుతాయి.

ఒక చిన్న ప్రయోగం చేయండి. ఎడమచేతి వెనుకభాగంలో ఒకచోట పెట్రోలియం జెల్లీ పలచగా రాయండి. దానిమీద ఒక నీటిబొట్టు, పక్కన రాయనిచోట మరో బొట్టు వేయండి. మొదటిది గుండ్రంగా నిలుస్తుంది. రెండోది పరుచుకుంటుంది. జెల్లీ నీటికీ చర్మానికీ మధ్య అడ్డుపొర అయిందన్నమాట.

ఇక బిడ్డకు ఏం చేయాలో తెలిసినట్లే. చేతులు కడుక్కుని, మెత్తని నూలుగుడ్డతో జొల్లును అద్దాలి, రుద్దకూడదు. పాలు తాగాక గోరువెచ్చని నీటితో తుడిచి, తడి పూర్తిగా ఆరనివ్వాలి. పాలు పట్టేముందు, నిద్రపుచ్చేముందు వాసనలేని పెట్రోలియం జెల్లీ పలచగా రాయాలి. మెడకింది గుడ్డ తడిసిన వెంటనే మార్చాలి.

కందినచోట సున్నిపిండి, సువాసన సబ్బు వద్దు. పౌడరు అసలే వద్దు. అది తడికి ఉండలు కట్టి మెడ మడతల్లో ఒరుసుకుంటుంది. దాని సన్నని ధూళి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. డాక్టరు చెప్పనిదే దుకాణంలో అడిగి తెచ్చిన మలాములు రాయకూడదు. రసి కారినా, పసుపుపచ్చని పక్కు కట్టినా, జ్వరం వచ్చినా, పాలు తాగకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్లు వచ్చేసరికి జొల్లు తగ్గిపోతుంది. అంతవరకు పాపను ఎత్తుకునే అన్నయ్యలు, అక్కయ్యలు ఒక మెత్తని గుడ్డ దగ్గర ఉంచుకుంటే చాలు.