కారు ముందు అద్దానికి రాయి తగిలితే ఏం చేయాలి? చిన్న గాటు పెద్ద పగులుగా ఎందుకు మారుతుంది?

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద, టార్పాలిన్ సరిగా కప్పని కంకర టిప్పర్ వెనకాల కారు వెళ్తోందనుకుందాం. టప్‌మని ఒక చప్పుడు వినిపిస్తుంది. అద్దం మీద ఓ మూల పెసరగింజంత తెల్లటి మచ్చ పడుతుంది. కారు ఆగదు, ప్రయాణం సాగిపోతుంది, ఇంటికి చేరాక ఆ మచ్చ సంగతి ఎవరికీ గుర్తుండదు. వారం తర్వాత ఓ మధ్యాహ్నం, ఎండలో నిలిపిన కారెక్కి ఏసీ వేయగానే ఆ మచ్చ నుంచి గీత బయల్దేరుతుంది. చూస్తుండగానే జానెడు, ఆ తర్వాత మూరెడు సాగుతుంది.

మొదటి రోజే అద్దాల షాపుకు వెళ్లి ఉంటే వందల్లోనో, ఒకటి రెండు వేలల్లోనో తేలిపోయే పని అది. ఇప్పుడు అద్దం మొత్తం మార్చాలి. చిన్న కార్లకైతే కొన్ని వేలు, కెమెరాలు, సెన్సర్లు ఉన్న కొత్త కార్లకైతే పదుల వేల రూపాయలు అవుతాయి. ఆ వారం రోజుల్లో అద్దం లోపల జరిగినది తెలిస్తే, తొందరపడాల్సింది ఎక్కడో, నింపాదిగా ఉండాల్సింది ఎక్కడో అర్థమవుతుంది.

ఒకటిగా కనిపించే రెండు అద్దాలు

కారు పక్క కిటికీల అద్దం, ముందు అద్దం ఒకే రకానివి కావు. పక్క అద్దాలను బాగా వేడి చేసి, ఒక్కసారిగా చల్లార్చి తయారుచేస్తారు. దీన్నే టెంపర్డ్ గ్లాస్ అంటారు. అది పగిలితే పటికబెల్లం పలుకుల్లా చిన్న ముక్కలై రాలిపోతుంది. దానికి మరమ్మతు అనే మాటే లేదు.

ముందు అద్దాన్ని లామినేటెడ్ గ్లాస్‌తో చేస్తారు. దాదాపు రెండేసి మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు గాజు పలకలు, వాటి మధ్య పీవీబీ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉంటాయి. ఆ పొర మందం సాధారణంగా 0.76 మిల్లీమీటర్లు. గాజు పగిలినా ముక్కలు ఆ పొరను అంటిపెట్టుకునే ఉంటాయి కాబట్టి ముఖం మీదికి ఎగిరిపడవు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఎడ్వార్ బెనెడిక్టస్ ప్రయోగశాలలో ఓ గాజు కుప్పె కింద పడి పగిలినా ముక్కలు విడిపోలేదట. లోపల ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర వాటిని పట్టి ఉంచిందని గమనించి, ఆయన 1909లో ఈ పద్ధతికి పేటెంటు కోరారు. తర్వాత ప్లాస్టిక్ మారింది కానీ, సూత్రం అదే.

రాయి తగిలినప్పుడు సాధారణంగా దెబ్బతినేది బయటి పలక ఒక్కటే. మరమ్మతు సాధ్యమయ్యేది కూడా అందుకే. లోపలి వైపు నుంచి గోటితో మెల్లగా రాసి చూస్తే తేడా తెలుస్తుంది. లోపల నున్నగా ఉంటే ఆశ ఉన్నట్టే. గోరు తట్టుకుంటే రెండో పలక కూడా దెబ్బతిన్నట్టు, ఇక అద్దం మార్చక తప్పదు.

దెబ్బ తీవ్రత రాయి బరువు కన్నా వేగం మీద ఎక్కువ ఆధారపడుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో తగిలిన కంకర పలుకు, 100 కిలోమీటర్ల వేగంతో తగిలితే దాని శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. టిప్పర్ నుంచి రాయి జారి రోడ్డు మీద ఎగిరిపడితే, దాన్ని గుద్దే వేగంలో ఎక్కువ భాగం వెనకొచ్చే కారుదే. టిప్పర్ డ్రైవర్‌ను తిట్టుకోవడంలో న్యాయం ఉంది. అయితే, దూరం పాటించడమో, దాటి వెళ్లిపోవడమో మాత్రం కారు నడిపేవారి చేతిలోనే ఉంటుంది.

గీత ఎందుకు సాగుతుంది?

గాజు చాలా గట్టి పదార్థం. కానీ దానికి సాగే గుణం లేదు. ఇనుప రేకు మీద గాటు పడితే లోహం కొంచెం వంగి, ఆ ఒత్తిడిని పంచుకుంటుంది. గాజు అలా వంగలేదు. దాంతో ఒత్తిడంతా గాటు కొన దగ్గర పోగుపడుతుంది. పగులు పొడవు పెరిగేకొద్దీ, అది ఇంకా సాగడానికి కావాల్సిన ఒత్తిడి తగ్గుతూ వస్తుందని బ్రిటిష్ ఇంజినీరు ఎ.ఎ. గ్రిఫిత్ 1921లో ప్రచురించిన పరిశోధనలో గాజు మీదే ప్రయోగాలు చేసి నిరూపించారు. చిన్న గాటు వారం రోజులు కదలకుండా ఉండి, ఒకసారి కదిలాక నిమిషాల్లో మూరెడు సాగడానికి కారణం ఇదే.

ఆ మొదటి కదలికకు కావాల్సిన ఒత్తిడి ఎక్కువగా వేడి నుంచే వస్తుంది. మీటరున్నర వెడల్పున్న అద్దంలో ఒక భాగం మరో భాగం కంటే 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే, రెండింటి వ్యాకోచంలో తేడా దాదాపు 0.4 మిల్లీమీటర్లు ఉంటుంది. వినడానికి అది లెక్కలోకి రాదు. కానీ వంగడం తెలియని గాజుకు అది చాలు. రామగుండంలోనో, రెంటచింతలలోనో మే నెల ఎండలో నాలుగు గంటలు నిలిపిన కారులో, ఏసీ గాలిని పూర్తి వేగంతో అద్దం మీదికి తిప్పితే జరిగేది ఇదే. కాలుతున్న అద్దం మీద బకెట్టుతో చన్నీళ్లు గుమ్మరించినా అంతే. గాటు పడిన అద్దం ఉన్నప్పుడు ముందు కిటికీలు దించి వేడిగాలిని బయటికి పంపి, ఏసీని నెమ్మదిగా పెంచుకోవడం మంచిది.

రెండో శత్రువు తేమ. పగులు కొన దగ్గర సాగదీసినట్టున్న సిలికాన్, ఆక్సిజన్ బంధాలను నీటి అణువులు రసాయనికంగా తెంచుతాయి. అంటే, బయటి నుంచి కొత్తగా ఏ దెబ్బా తగలకపోయినా, తేమ గాలిలో పగులు మెల్లమెల్లగా పాకుతూనే ఉంటుంది. పైగా వాన నీటితో పాటు మట్టి, సబ్బు, మైనం లోపలికి చేరితే, ఆ తర్వాత పోసే రెజిన్ గాజుకు సరిగా అంటుకోదు. కాబట్టి, గాటు పడగానే చేయాల్సిన పని చాలా చిన్నది. పొడి గుడ్డతో చుట్టూ తుడిచి, పైన పారదర్శకమైన సెలో టేపు ముక్క అతికించాలి. షాపుకు వెళ్లే దాకా కారును సర్వీసింగ్ సెంటర్‌లో నీళ్లతో కడిగించకూడదు.

ఇళ్లలో వినిపించే చిట్కాల సంగతి కూడా చెప్పుకోవాలి. టూత్‌పేస్టు, గోళ్ల రంగు, క్షణంలో అతికించే జిగురు... వీటిలో మొదటిది ఏ పనీ చేయదు. మిగతా రెండూ గాటు నోటిని పైపైన మూసేసి, అసలు రెజిన్‌కు దారి లేకుండా చేస్తాయి. ఆ తర్వాత షాపు వాళ్లు చేతులెత్తేస్తే తప్పు వాళ్లది కాదు.

మరమ్మతులో ఏం చేస్తారు?

గాటు మీద చిన్న పరికరాన్ని బిగించి లోపలి గాలిని, తేమను లాగేస్తారు. ఆ ఖాళీలోకి పల్చటి రెజిన్‌ను ఒత్తిడితో పంపి, అతినీలలోహిత కాంతితో గట్టిపరుస్తారు. ఎండ తగిలితే రెజిన్ సగంలోనే బిగిసిపోతుంది కాబట్టి, ఈ పని నీడలో చేయాలి. నడిరోడ్డు మీద మిట్టమధ్యాహ్నం చేసిపెడతామనే వారి దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండాలి. మొత్తం పని సాధారణంగా గంట లోపే అయిపోతుంది.

రెజిన్ కాంతిని వంచే తీరు గాజుకు దగ్గరగా ఉండటం వల్ల మచ్చ బాగా మసకబారుతుంది. అయితే, పూర్తిగా మాయం కాదు. మరమ్మతు ముఖ్య ఉద్దేశం అందం కాదు, పగులును ఉన్నచోటే ఆపడం. ఈ సంగతి ముందే తెలియక, పని అయ్యాక షాపులో గొడవపడేవారు ఉంటారు.

నాణెమంత గాటు, నక్షత్రంలా చిన్న చిన్న కాళ్లున్న గాటు సాధారణంగా మరమ్మతుకు లొంగుతాయి. అంచుకు రెండు మూడు అంగుళాల లోపు ఉన్న పగులు మాత్రం ప్రమాదకరం. తయారీలోనూ, బిగింపులోనూ మిగిలిపోయిన ఒత్తిడి అంచుల్లోనే ఎక్కువగా ఉంటుంది. డ్రైవర్ కళ్లకు సూటిగా ఎదురుగా ఉన్న గాటు కూడా మరమ్మతుకు అనుకూలం కాదు. రెజిన్ నింపాక మిగిలే మసక మచ్చ, రాత్రి వానలో ఎదురు లారీ హెడ్‌లైట్ పడినప్పుడు వెలుగు ముద్దలా విచ్చుకుంటుంది. సరిగ్గా అక్కడే రోడ్డు దాటుతున్న మనిషి ఉంటే కనిపించడు.

బ్రిటన్‌లో వార్షిక ఎంఓటీ పరీక్ష ఈ విషయంలో కచ్చితమైన కొలతలు పెట్టింది. స్టీరింగ్‌కు ఎదురుగా 290 మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టీలో 10 మిల్లీమీటర్లకు మించిన దెబ్బ ఉన్నా, వైపర్లు తుడిచే మిగతా భాగంలో 40 మిల్లీమీటర్లకు మించి ఉన్నా కారు పరీక్షలో తప్పుతుంది. అక్కడ ఉంటున్న తెలుగువారికి ఇది పరిచయమైన విషయమే. భారత్‌లో సొంత కార్ల రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల దాకా చెల్లుతుంది. ఏటా పరీక్ష ఉండదు. లోపం ఉందని తెలిసీ వాహనాన్ని రోడ్డు మీదికి తెస్తే మోటారు వాహనాల చట్టంలోని 190వ సెక్షన్ కింద రూ.1,500 వరకు జరిమానా వేయవచ్చు. కానీ, ఏ పగులు ఎంతవరకు పర్వాలేదో ఆచరణలో తేల్చుకోవాల్సింది యజమానే. కాబట్టి ఆ బ్రిటిష్ కొలతలను ఇక్కడా గుర్తుపెట్టుకుంటే నష్టం లేదు.

బీమా క్లెయిమ్ చేయాలా?

థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే సొంత కారు అద్దానికి పైసా రాదు. సమగ్ర బీమా ఉంటే వస్తుంది. భారత్‌లోని ప్రామాణిక మోటారు పాలసీలో గాజు భాగాలకు తరుగుదల కోత ఉండదు. అదే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకైతే సగం కోత పడుతుంది. తప్పనిసరిగా సొంతంగా భరించాల్సిన మొత్తం 1500 సీసీ వరకు ఉన్న సొంత కార్లకు రూ.1,000, అంతకు మించితే రూ.2,000.

ఇంతవరకు లాభంగానే కనిపిస్తుంది. అసలు లెక్క నో క్లెయిమ్ బోనస్ దగ్గర ఉంది. క్లెయిమ్ లేని ఏడాదులు గడిచేకొద్దీ సొంత నష్టం ప్రీమియంలో రాయితీ వరుసగా 20, 25, 35, 45, 50 శాతానికి పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్ చేస్తే మరుసటి ఏడాది అది సున్నాకు పడిపోతుంది.

ఉదాహరణకు, రాయితీ లేని ప్రీమియం రూ.12,000 అనుకుందాం. ఏటా అదే ఉంటుందనీ అనుకుందాం. 50 శాతం రాయితీ ఉన్నవారు రూ.6,000 కడుతుంటారు. క్లెయిమ్ చేశాక మొదటి ఏడాది రూ.6,000, రెండో ఏడాది రూ.3,600, ఆ తర్వాత వరుసగా రూ.3,000, రూ.1,800, రూ.600 చొప్పున అదనంగా కట్టాల్సి వస్తుంది. ఐదేళ్లలో మొత్తం రూ.15,000. రూ.8,000 అద్దం కోసం క్లెయిమ్ చేస్తే, సొంత వాటా రూ.1,000 పోగా చేతికొచ్చేది రూ.7,000. పోయేది దానికి రెట్టింపు పైనే. అదే అద్దం ఖరీదు రూ.45,000 అయితే క్లెయిమ్ చేయడమే తెలివైన పని. బోనస్‌ను కాపాడే అదనపు కవరేజీ తీసుకున్నవారు అందులోని షరతులు ఒకసారి చదువుకోవాలి. క్లెయిమ్ చేసేవారు అద్దం విప్పించకముందే కంపెనీకి చెప్పి, ఫొటోలు తీసి పెట్టుకోవాలి.

అద్దం మార్చిన రోజు

ముందు అద్దం గాలిని, వానను అడ్డుకునే తెర మాత్రమే కాదు. యురెథేన్ జిగురుతో బాడీకి అతికించిన ఈ అద్దం, కారు పల్టీ కొట్టినప్పుడు పైకప్పు నలిగిపోకుండా కొంత ఆసరా ఇస్తుంది. చాలా కార్లలో ముందు సీటు ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగ్ పైకి విచ్చుకుని, ఈ అద్దానికి ఆనుకునే మనిషి వైపు తిరుగుతుంది. జిగురు పట్టకముందే ప్రమాదం జరిగితే అద్దం ఊడి బయటికి పోవచ్చు, దాంతో ఎయిర్‌బ్యాగ్‌కు ఆనుకునే చోటు ఉండదు.

అందుకే, కారు ఎన్ని గంటల తర్వాత తీయవచ్చో షాపులో అడగాలి. వాడిన జిగురును బట్టి గంట నుంచి చాలా గంటల వరకు పడుతుంది. ఈ జిగురు గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడుతుంది కాబట్టి, పొడి వాతావరణంలో ఇంకా ఎక్కువ సమయం కావాలి. ‘పర్లేదు, తీసుకెళ్లండి’ అనే మాటను నమ్మి వెంటనే హైవే ఎక్కడం కంటే, ఆ సాయంత్రం ఆటోలో ఇంటికి వెళ్లడమే మేలు.

కొత్త అద్దం మూలలో ఉండే ముద్రను కూడా చూడాలి. లామినేటెడ్ అనే గుర్తు, ఐఎస్ 2553 ప్రమాణంతో ఐఎస్ఐ ముద్ర ఉండాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ముందు అద్దం గుండా కనీసం 70 శాతం వెలుగు లోపలికి రావాలి. అద్దాలపై నల్ల ఫిల్ములు అతికించడాన్ని సుప్రీంకోర్టు 2012లో నిషేధించింది. అద్దంతో పాటు ఫిల్ము కూడా వేస్తామని షాపు వాళ్లు చెబితే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అద్దం లోపల, రియర్ వ్యూ మిర్రర్ వెనక కెమెరా ఉన్న కార్లలో మరో పని ఉంటుంది. లేన్ దాటితే హెచ్చరించే, ముందు వాహనాన్ని గుర్తించి బ్రేకు వేసే వ్యవస్థలు ఆ కెమెరా మీద ఆధారపడతాయి. దాని చూపు ఒక డిగ్రీ పక్కకు తిరిగినా, 50 మీటర్ల దూరంలో దాదాపు 90 సెంటీమీటర్ల తేడా వస్తుంది. అంటే, ఎదురుగా ఉన్న బైకును పక్క లేన్‌లో ఉన్నట్టు భ్రమపడవచ్చు. అద్దం మార్చాక కెమెరాను తిరిగి సరిచేయించడం కంపెనీ వర్క్‌షాపులోనో, ఆ పరికరాలున్న చోటో జరగాలి. దాని ఖర్చును కొటేషన్‌లో విడిగా అడిగి తెలుసుకోవాలి.

పాత అద్దంతో పాటు పోయేవి మరో రెండున్నాయి. ఫాస్టాగ్‌ను ఊడదీస్తే లోపలి తీగ తెగి, అది పనికిరాకుండా పోతుంది. కాబట్టి జారీ చేసిన బ్యాంకు నుంచి అదే వాహనం పేరిట కొత్తది తీసుకోవాలి. అద్దానికి అతికించకుండా చేత్తో పట్టుకుని చూపే ట్యాగులను బ్లాక్‌లిస్టులో పెడతామని జాతీయ రహదారుల సంస్థ 2025లో ప్రకటించింది. రెండోది హై సెక్యూరిటీ నంబర్ ప్లేటుతో పాటు ఇచ్చే హోలోగ్రామ్ స్టిక్కర్. మూడో నంబర్ ప్లేటుగా లెక్కించే దీన్ని ముందు అద్దానికి లోపలి వైపు అతికిస్తారు. పెట్రోలు కార్లకు లేత నీలం, డీజిల్ కార్లకు నారింజ రంగు. పాత అద్దం షాపులో వదిలేసి వచ్చేముందు దాని మీదున్న నంబర్లను ఫోన్‌లో ఒక ఫొటో తీసుకుంటే, కొత్తదానికి దరఖాస్తు చేసేటప్పుడు వెతుక్కోవాల్సిన పని ఉండదు.