నలుగురూ తిరిగే ఇంటికి ఏ తివాచీ?

తివాచీ మన్నిక దాని రంగు మీద కాక, దారం రకం, నేత పద్ధతి, కుచ్చు ఒత్తుదనం అనే మూడింటి మీద ప్రధానంగా ఆధారపడి ఉంటుంది. కుచ్చు అంటే అడుగు నేత మీద నిలిచి ఉండే దారపు పోగుల పొర. అది పొట్టిగా, ఒత్తుగా ఉన్నప్పుడు దుమ్ము అంత సులువుగా లోతుకు దిగదు, అడుగుల ఒత్తిడికి పోగులు త్వరగా అణగిపోవు. తివాచీని వెనక్కి వంచినప్పుడు పోగుల మధ్య అడుగు నేత స్పష్టంగా బయటపడితే అది పలుచని సరుకని గ్రహించవచ్చు. నైలాన్ పోగు అణిగినా తిరిగి లేస్తుంది కాబట్టి రాకపోకలు ఎక్కువగా ఉండే హాలుకు అనువైనది. పాలీప్రొపిలీన్ నీటిని పీల్చుకోదు గానీ, నూనె జిడ్డును పట్టి ఉంచుతుంది.

తరచుగా శుభ్రం చేయవలసిన చోట కుచ్చు లేని నేత మేలు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానా ఈ కోవకు చెందినదే. నూలు పడుగు మీద, అంటే నిలువు పోగుల మీద, అడ్డపోగైన పేకను బిగించి నేయడం వల్ల అందులో దుమ్ము దాగదు, నేతలోనే నమూనా ఉన్నదాన్ని రెండువైపులా తిప్పి వాడుకోవచ్చు.

ఏ తివాచీ మీదైనా చారో కాఫీయో ఒలికినప్పుడు రుద్దితే మరక పోగుల్లోకి దిగుతుంది గనుక, పొడి నూలు గుడ్డతో అంచుల నుంచి మధ్యకు అద్దుతూ తడిని తీయడమే సరైన పద్ధతి.