కంటిలోని గుడ్డిచోటు

ఒక తెల్లకాగితంపై చిన్న గుణకారపు గుర్తు వేసి, దానికి కుడివైపు 8 సెంటీమీటర్ల దూరాన బఠాణీగింజంత నల్లచుక్క పెట్టండి. ఎడమకన్ను మూసి, కుడికంటితో గుర్తునే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరకు తీసుకొనిరండి. సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో చుక్క మాయమవుతుంది.

దృక్‌నాడి కంటినుండి బయలుదేరే చోట నేత్రపటలంలో కాంతిని గ్రహించే కణాలు లేవు. 1660 దశకంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారియోత్ దీనిని కనుగొన్నాడు. ఇది అంత చిన్నదేమీ కాదు; పదిమంది పూర్ణచంద్రులు వరుసగా ఇందులో ఇమిడిపోగలరు!

చిత్రమేమంటే, చుక్క పోయినచోట రంధ్రం కనబడదు, తెల్లకాగితమే కనబడుతుంది. చుక్కకు బదులు అక్కడ మాత్రం తెగిన ఒక పొడవైన గీత ఉంటే, అది తెగనట్లే తోస్తుంది. చుట్టూ ఉన్నదానిని బట్టి మెదడు ఖాళీని పూరిస్తున్నదన్నమాట.

నీటికాసుల వ్యాధిలో ఈ పూరణమే ముప్పు తెస్తుంది. చూపు సాధారణంగా పక్కలనుండి క్రమంగా పోతుంది. నొప్పి తరచు ఉండదు. రోగికి అక్కడ చీకటి కనబడదు గనుక లోటు తెలియదు. తెలిసేసరికి దృక్‌నాడి తంతువులు ఎన్నో నశించి ఉంటాయి. పోయిన చూపును తిరిగి తెచ్చే వైద్యం లేదు. అందుచేతనే నేత్రవైద్యులు ఒక కన్ను మూయించి, రెండవకంటి చూపును ఒకచోట నిలిపించి, చుట్టూ చిన్న వెలుగుచుక్కలు చూపుతూ రోగికి ఏవి కనబడలేదో గుర్తిస్తారు.