మన వెదుకులాటకు మరొకరి చిట్టా

ఋణం కోరి వచ్చిన రైతును బ్యాంకు ఎన్నో వివరాలు అడుగుతుంది. భూమి పత్రాలు, పాత బాకీలు, వేసిన పంట అన్నీ ఎదుటనే అడిగి, కాగితంపై వ్రాసుకొని, సంతకం తీసుకుంటుంది. విసుగు పుట్టించే తంతే అయినప్పటికీ, ఏ సంగతి ఎవరికి చెప్పినదీ రైతుకు తెలిసే ఉంటుంది. చేతిలోని ఫోను కూడా నేడు ఇటువంటి విచారణే సాగిస్తున్నది. సంతకం మాత్రం అడుగదు.

నేను పనిచేస్తున్న ఘాజియాబాద్ జిల్లాలో, మోదీనగర్ పరిసరాల చెరకు రైతు ఒకరిని ఊహించుకుందాము. మిల్లు నుండి రావలసిన సొమ్ము సంగతి ఫోనులో చూస్తాడు. మరొకనాడు ట్రాక్టరు విడిభాగాల ధర వెదకుతాడు. ఆ మరునాడు ‘తక్షణ ఋణం’ అని వెదకుతాడు. విడివిడిగా ఇవి చిన్న సంగతులే. మూడింటినీ ఒకచోట చేర్చి చదివినవానికి ఈ రైతు చేతిలో డబ్బు లేదనీ, తొందరలో ఉన్నాడనీ అర్థమవుతుంది. మన అవసరం ఎదుటివానికి ముందే తెలిస్తే బేరం ఎటు మొగ్గుతుందో, సంతలో ఎద్దులు కొన్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ చేర్చడం ఎలా జరుగుతుంది? 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటుల్లి అనే ఇంజనీరు ‘కుకీ’ అనే ఏర్పాటు చేశాడు. వెబ్‌సైటు మన యంత్రంలో ఉంచే చిన్న గుర్తు అది. మరల వెళ్ళినప్పుడు మనలను గుర్తుపట్టడానికి, ఎంచుకున్న సరుకులను జ్ఞాపకం ఉంచుకోవడానికి ఉద్దేశించినది. అందులో దోషం లేదు. అయితే వందలాది వెబ్‌సైట్లలో ప్రకటనలు వేసే సంస్థ ఒక్కటే అయినప్పుడు, తన గుర్తును ప్రతిచోటా తానే చదువుకోగలదు. విత్తనాల పుటలోనూ, వార్తల పుటలోనూ కనిపించినది ఒకే మనిషి అని దానికి తెలుస్తుంది.

బ్రౌజరుకు తగిలించే ‘ఎక్స్‌టెన్షన్’లు ఇంకొక అడుగు ముందుకు వేస్తాయి. అనుమతి ఇచ్చినచో మనం తెరిచే ప్రతి పుట చిరునామానూ అవి చూడగలవు. వైరస్‌ల నుండి కాపాడే అవాస్ట్ అనే సంస్థ ఉదంతమే ఇందుకు నిదర్శనం. అది 2014 నుండి వాడుకరుల బ్రౌజింగ్ వివరాలను సేకరించి, తన అనుబంధ సంస్థ జంప్‌షాట్ ద్వారా నూరుకు పైగా సంస్థలకు అమ్మినదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. జంప్‌షాట్ 2020లో మూతపడింది. 2024లో అవాస్ట్ 1.65 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. ఇతరులు వెంటాడకుండా అడ్డుకుంటామని చెప్పి జనాన్ని చేర్చుకున్న సరుకు అది! కంచే చేను మేయడమంటే ఇదే.

వెదకిన సంగతులు చూడటం ఒక మెట్టు; ఫోనులో ఉన్నవాటిని తీసుకుపోవడం దాని తరువాతి మెట్టు. 2020 చివరలో తెలంగాణలో ఋణ యాప్‌ల వ్యవహారం బయటపడినప్పుడు అందరూ చూచినది ఈ రెండవదే. అప్పు ఇచ్చే ముందు ఫోనులోని పేర్ల జాబితాను, ఫోటోలను తీసుకొని, వాయిదా తప్పగానే బంధుమిత్రులకు ఫోన్లు చేసి పరువు తీశారు. అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నవారున్నారు. హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు అరెస్టులు చేశారు. డిసెంబరు 23న రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించింది.

2022 సెప్టెంబరు 2న రిజర్వు బ్యాంకు జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం ఋణ యాప్‌లు ఫోనులోని ఫైళ్ళను, పేర్ల జాబితాను, కాల్ వివరాలను తాకరాదు. కెమెరా, మైకు, లొకేషన్ వంటివి మాత్రం ఖాతా తెరిచే పనికి ఒక్కసారి, అదీ స్పష్టమైన సమ్మతితో వాడుకోవచ్చు. కనుక పేర్ల జాబితా అడిగిన ఋణ యాప్ ఎంత తక్కువ వడ్డీ చూపినా, నా దృష్టిలో అది తీసివేయదగినదే. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు వాడే ఋణ యాప్‌ల జాబితాను రిజర్వు బ్యాంకు 2025 నుండి తన వెబ్‌సైటులో ఉంచుతున్నది. అప్పు చేసే ముందు అందులో చూచుకోవచ్చు.

ఇక ‘ఇన్‌కాగ్నిటో’ గురించి ఒక మాట. అది మన ఇంటివారి కంటికి జాడ కనబడనీయదు. వెబ్‌సైటు కంటికి కాదు. ఈ విషయమై అమెరికాలో 2020లో వేసిన దావాలో, వందల కోట్ల రికార్డులను తొలగించడానికి గూగుల్ 2024లో ఒప్పుకున్నది.

ఎరువులు, పంపుసెట్ల డీలర్లు దుకాణంలోని కంప్యూటరును ప్రత్యేకంగా పరిశీలించాలి. దానిపై లెక్కలు వ్రాసే కుర్రవాడు సినిమాలు చూడటానికో, కూపన్ల కోసమో ఏదో ఎక్స్‌టెన్షన్ తగిలించి ఉంటాడు. బ్యాంకు ఖాతా తెరిచేదీ ఆ బ్రౌజరులోనే. పనికిరానివాటిని తొలగించి, సెట్టింగ్స్‌లో ‘థర్డ్ పార్టీ కుకీస్’ను నిలిపివేయండి. ఫోనులోనైతే ‘పర్మిషన్స్’ తెరిచి, ఏ యాప్‌కు ఏ అనుమతి ఉన్నదో ఒక్కొక్కటిగా చూడండి. ఋణ యాప్ వారు బెదిరిస్తే ఆ సందేశాలను చెరిపివేయక భద్రపరచి, సమీప పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయండి; సొమ్ము పోయినచో వెంటనే 1930 నంబరుకు తెలియజేయండి.