వేగమా? చోదనానందమా?

మోటారుకార్లను గూర్చి వాదింపని విద్యార్థి నేడు మిక్కిలి యరుదు. "ఏ కారు మేలైనది?" అని యొకడు ప్రశ్నింప, "ఏది ముందు పోవునో యదియే" యని వేఱొకడు తడుముకొనక బదులు చెప్పును. ఈ యుత్తరము సగమే సత్యము. స్పోర్ట్సు కార్లను తూచుటకు త్రాసులు రెండు గలవు. పందెపు బాటను ఎంత శీఘ్రముగ చుట్టివచ్చునో గడియారముచే తెలియునది మొదటిది. నడపువానికి ఎంత యుల్లాసము గూర్చునన్నది రెండవది. ఒక త్రాసున బరువు తూగినది రెండవదానియందు తేలిపోవచ్చును.

జర్మనీ దేశపు పోర్షే సంస్థవారి 911 కార్లలో రెండు ఇందుకు చక్కని నిదర్శనములు. ఒకటి 2022లో వెలువడిన జీటీ3 ఆర్‌ఎస్. మఱియొకటి, 911 పుట్టి అరువదియేండ్లు నిండిన సందర్భమున 2023లో వెలువడిన ఎస్/టీ. రెండింటను 4 లీటర్ల, ఆఱు సిలిండర్ల, 525 అశ్వశక్తుల యంత్రమే యున్నది. గుణములు మాత్రము వేఱు. ఆర్‌ఎస్‌కు వీపున పెద్ద రెక్క కలదు, క్లచ్చి పెడలు లేదు. నిలుకడనుండి 100 కిలోమీటర్ల వేగమును 3.2 సెకనులలో అందుకొనును. నూర్బుర్గ్‌రింగ్ అను 20.8 కిలోమీటర్ల బాటను 2022లో 6 నిమిషముల 49 సెకనులలో చుట్టివచ్చినది. ఎస్/టీకి ఆ రెక్క లేదు. క్లచ్చి త్రొక్కి చేతితోనే గేరు మార్చవలయును. ఆర్‌ఎస్ 1,450 కిలోలు తూగగా ఇది 1,380 మాత్రమే; అయినను 100 వేగమునకు 3.7 సెకనులు పట్టును. గడియారమునందు ఓడిన ఈ బండిని ఆ సంస్థవారు రోడ్డుమీది యానందముకొఱకే నిర్మించిరి.

ఆర్‌ఎస్ రెక్క చేయు పనియేమి? విమానపు రెక్కను గాలి పైకెత్తును. ఈ రెక్క తలక్రిందుగ నమర్చబడుటచే గాలి బండిని నేలకు అదుమును. అందుచే మలుపులలో చక్రములు జారవు. రెక్కయు తక్కిన భాగములును గలిసి 285 కిలోమీటర్ల వేగమున కలిగించు అదుము 860 కిలోల బరువునకు సమానము. కాని యీ బలము వేగముయొక్క వర్గమును బట్టి మారును. విద్యార్థులు లెక్క వేసి చూతురుగాక! 60 కిలోమీటర్ల వేగమున అది సుమారు 38 కిలోలకు దిగిపోవును. అది యొక బాలుని బరువు మాత్రమే. పందెపు బాట విడిచినచో రెక్క గొప్పతనమంతయు అలంకారముగ మిగులును.

పందెపు బాట యనగా నేమి? 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదునందు హుస్సేన్‌సాగరు చెంత మన దేశపు మొదటి ఫార్ములా ఈ పందెము జరిగినది. 2.83 కిలోమీటర్ల బాటకు అడ్డుగోడలు నిలిపి, ఎదురుబండి రాకుండజేసి, విద్యుత్కార్లను పరుగెత్తించిరి. ఫ్రాన్సు దేశీయుడగు జాన్ ఎరిక్ వెర్న్ గెలుపొందెను. గోడలు తొలగించిన పిదప ఆ బాటయే మరల బస్సులకు, ఆటోలకు త్రోవయైనది.

ఇక మన త్రోవ చూతము. ఆర్మూరునుండి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాలల మీదుగ 63వ నంబరు జాతీయ రహదారి పోవుచున్నది. వరికోతల కాలమున మన జిల్లాల రోడ్ల యంచున రైతులు ధాన్యము నారబోయుదురు. మలుపు చాటున ట్రాక్టరో, గొఱ్ఱెలమందయో యుండవచ్చును. ఎండిన తారుపై 60 వేగమున బ్రేకు వేసిన సుమారు 20 మీటర్లలో నిలుచు బండికి, 120 వేగమున సుమారు 80 మీటర్లు వలయును. ఈ లెక్కను ఎంత వెలగల బండియు దాటజాలదు.

అట్లని ఉల్లాసమును విడువవలసిన పనిలేదు. సిరిసిల్లలో మగ్గములను చూచినవారికి ఈ మర్మము సులభముగ తెలియును. మరమగ్గము దినమునకు నేసిన మీటర్లను లెక్కింపవచ్చును. చేతిమగ్గముపై నాడె ఆడించువానికి నూలు బిగువు వ్రేళ్లకు తెలియును. కారునందును అంతే. సరియైన క్షణమున గేరు మార్చుట, చక్రముల పట్టు స్టీరింగుద్వారా చేతికి తెలియుట, తేలికబండి మలుపునందు మాట వినుట, ఇవి 50 వేగముననే లభించును. 1989లో మాజ్దా సంస్థవారు ఈ తలంపుతోనే ఎంఎక్స్-5 అను రెండు సీట్ల చిన్నబండిని తెచ్చిరి. బలము స్వల్పము, తూనిక సుమారు ఒక టన్ను. అయినను 2016 నాటికి అట్టివి పదిలక్షలు తయారైనవి.

కావున మిత్రులారా, బండిని ఎన్నుకొనుటకు ముందు బాటను ఎన్నుకొనుడు. మూసిన బాటలో పోటీచేయువానికి ఆర్‌ఎస్ వంటిది తగును. ఊళ్ల నడుమ తిరుగువానికి తేలికయై, చెప్పినట్లు మసలు బండియే మేలు. ఈ విచారము మోటారుసైకిలు కొనువానికిని వర్తించును. గడియారముతో పందెము గోడల నడుమనే తగును. రోడ్డుమీద మనతో నడచువారు పోటీదారులు కారు, మన యిరుగుపొరుగువారు.