నర్సింగ్ చదివిన మన బిడ్డకు తొలి కొలువు

కాన్పు కోసం ఆసుపత్రికి వెళ్ళిన మన ఇంటి ఆడవారికి ఆడ డాక్టరే ఉండాలని, సూది వేసే చెయ్యి ఆడ నర్సుదే కావాలని మనం పట్టుపడతాము. షరీఅత్ దృష్టిలో అది సబబే. అయితే ఆ నర్సు ఎవరి ఇంటి నుంచి రావాలి? నర్సింగ్ ముగించిన మన అమ్మాయి ఉద్యోగం మాట ఎత్తగానే “రాత్రి డ్యూటీలా? రేపు సంబంధాలెట్లా వస్తాయి?” అని అడ్డుపడేదీ మనమే.

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహ్) తమ ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో వైద్యాన్ని ఫర్జె కిఫాయాగా పరిగణించారు. అంటే సమాజంలో కొందరైనా నెరవేర్చకపోతే దోషం అందరి మెడకూ చుట్టుకునే విధి. ఎన్నో పట్టణాలలో ముస్లిం వైద్యులు కరువయ్యారనీ, విద్యార్థులంతా ఫిఖ్‌హ్ వైపే ఎగబడుతున్నారనీ ఆయన వాపోయారు. క్రీ.శ. 1111లో పరమపదించిన పండితుని ఆవేదన ఇది. ఫిఖ్‌హ్ బోధిస్తూ జీవనం సాగిస్తున్న మావంటివారికి కొంత గుచ్చుకునే మాటే.

హజ్రత్ రుఫైదా (రజి) గుడారం సంగతి పాఠకులకు కొత్త కాదు. ఖందఖ్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను దైవప్రవక్త (స) మస్జిద్‌లోనే ఉన్న ఆమె గుడారానికి చేర్పించారు. హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) ఏడు యుద్ధయాత్రలలో క్షతగాత్రులకు సేవలందించారు. ఈ ఘట్టాలను వేదికలపై కళ్ళు చెమర్చేలా చెబుతాము, వింటాము. ఇంటికి వచ్చి బిడ్డ సర్టిఫికెట్‌ను బీరువాలో పెట్టి తాళం వేస్తాము.

మా మదరసాలో చిన్ననాడు నాజిరా చదివిన ఒక అమ్మాయి మూడేళ్ళ జీఎన్ఎం పూర్తిచేసి జైనూర్‌కు తిరిగివచ్చింది. నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి “అనుభవం ఉందా?” అని అడిగి పంపివేసింది. కొలువు లేనిదే అనుభవం ఎక్కడిది? మరొకచోట తీసుకుంటామన్నారు గానీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ వద్దే ఉంచాలన్నారు, రెండేళ్ళకు బాండు రాయమన్నారు. తండ్రి లేచి వచ్చేశారు. మంచి పని చేశారు. బాండు పద్ధతిని భారత నర్సింగ్ కౌన్సిల్ ఏనాడో కాదన్నది. సర్టిఫికెట్లు చూపించవలసినవే తప్ప తాకట్టు పెట్టవలసినవి కావు.

ఇంతలో 2024 సెప్టెంబరు 4 వచ్చింది. అంతకు కొద్దిరోజుల ముందు ఒక ఆదివాసీ సోదరిపై జరిగిన దౌర్జన్యం ఏ విశ్వాసీ సహించదగినది కాదు. దానిని ఖండించడంలో “కానీ” అనే మాటకు తావు లేదు. నిందితుడు పట్టుబడిన తరువాత, అతనితో ఏ సంబంధమూ లేనివారి దుకాణాలు, ఇళ్ళు తగులబడ్డాయి. కర్ఫ్యూ విధించారు, ఇంటర్నెట్ ఆగిపోయింది. ఆ అమ్మాయి తండ్రి చిన్న దుకాణం కూడా బూడిదైంది. అదే నెలలో రాష్ట్ర వైద్య, ఆరోగ్య సేవల నియామక బోర్డు 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు ప్రకటన వెలువరించింది. ఉన్న ఊరిలో అడుగు బయట పెట్టడానికే జంకుతున్న ఇంట్లో దరఖాస్తు మాట ఎవరికి గుర్తుంటుంది?

అయినా ఆ ప్రకటనలోని ఒక లెక్కను మన ప్రాంతంవారు జాగ్రత్తగా చదవాలి. రాతపరీక్షకు 80 మార్కులు. మిగిలిన 20, ప్రభుత్వ వైద్య సంస్థలలో కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ పద్ధతిన చేసిన సేవకు. గిరిజన ప్రాంతంలో పూర్తిచేసిన ప్రతి ఆరు నెలలకు 2.5 మార్కులు, ఇతర చోట్ల 2 మాత్రమే. అంటే మైదానంలో ఐదేళ్ళు పనిచేస్తే దక్కే 20 మార్కులు ఏజెన్సీలో నాలుగేళ్ళకే దక్కుతాయి. కార్పొరేట్ ఆసుపత్రిలో ఎన్నేళ్ళు చేసినా ఈ లెక్కలోకి రాదు. జైనూర్, ఉట్నూరు వంటి చోట్లను వెనుకబడినవని వదిలి నగరానికి పరుగెత్తే బిడ్డలు తమ ముంగిట ఉన్నదేమిటో చూసుకోవాలి. జిల్లా వైద్యాధికారి కార్యాలయం నుంచి వెలువడే కాంట్రాక్టు ప్రకటనలు చిన్నవిగానే కనిపిస్తాయి, జీతమూ చిన్నదే. కానీ తొలి మెట్టు అదే. అంతకుముందే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ పూర్తికావాలి. చేరిన తరువాత సేవా ధ్రువపత్రం అధికారి సంతకంతో సకాలంలో తీసుకోవాలి.

ఎయిమ్స్ సంస్థల నార్సెట్ పరీక్ష సంగతి వేరు. జీఎన్ఎం చదివినవారు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ళు పనిచేసి ఉండాలి. బీఎస్సీ నర్సింగ్ వారికి ఆ షరతు లేదు. గల్ఫ్ ఆశ ఉన్నవారు దళారులను నమ్మరాదు. 2015 నుంచి ఆ దేశాలకు నర్సుల నియామకం ప్రభుత్వం అనుమతించిన సంస్థల ద్వారానే జరగాలి.

ఆ తండ్రి ఒకనాడు అసర్ తరువాత మా వద్దకు వచ్చి, “మౌల్‌సాబ్, ఉట్నూరు వైపు కాంట్రాక్టు కొలువు వచ్చింది. పంపమంటారా?” అని అడిగారు. రాత్రి డ్యూటీ గురించే ఆయన బెంగ. ఇతర నర్సులు, రోగుల బంధువులు తిరుగుతుండే వార్డు ఖల్వత్ కిందికి రాదని చెప్పాము. తల కప్పుకోవడం గురించి చేరేముందే అధికారితో మర్యాదగా మాట్లాడుకోవాలి. చేతులు కడుక్కోవడానికి చొక్కా చేతులు పైకి మడవక తప్పని చోట అది జరూరత్. నమాజు వేళకు పది నిమిషాలు తోటి నర్సుతో సర్దుకుంటే, ఆమె పండుగనాడు మన బిడ్డ ఆ డ్యూటీ తీర్చుకోవచ్చు. వీటన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఆయన పైకి అనలేదు. ఆ ఊళ్ళ ఆదివాసీలు జైనూర్ ముస్లిం అమ్మాయిని ఎలా చూస్తారు? దానికి మా వద్ద ఫత్వా లేదు. పంపమనే అన్నాము.

ఆమెకు ఉర్దూ, తెలుగు, మరాఠీతోపాటు బజారులో విని నేర్చుకున్న గోండీ కొంత వచ్చు. వానాకాలపు జ్వరాలతో, సికిల్ సెల్ నొప్పులతో వచ్చేవారికి మందుకన్నా ముందు తమ మాట అర్థమయ్యే మనిషి కావాలి. చేరిన తొలివారంలో ఒక గోండు వృద్ధురాలు ఆమె పేరు అడిగిందట, ఊరు అడిగిందట. “జైనూరా?” అని కాసేపు మౌనంగా చూసిందట. తరువాత చీర కొంగు తొలగించి, సూదికోసం చెయ్యి చాపిందట.